ఒక కాలికి సూది, ఒక కాలికి చేట

ఎడమకాలి కింద సూది, కుడికాలి కింద చేట. రెండూ మంచు మీద జారే పలకలు. చిలకమ్మ రెండు కర్రలూ మంచులో గుచ్చి, ఒంటి బరువంతా ఎడమకాలి మీదికి తెచ్చి ఒక్క తన్ను తన్నింది. సూది అడుగున చెక్కిన పొలుసులు మంచును కరిచి పట్టుకున్నాయి. పలక ముందుకు ఉరికింది. తర్వాత కుడికాలు. చేట కూడా కదిలింది గానీ, రేషను వరసలో నిలబడ్డవాడిలా, తన వంతు వచ్చినప్పుడు కదిలింది.

"ఎడమ పలక: పట్టు మేలు, జారుడు మేలు," అని చెవిలో మంచుమతి పలికింది. "కుడి పలక: పట్టు మేలు, జారుడు అధమం. కాళ్ళు మార్చి తొక్కండి."

"మార్చకపోతే ఏటవుద్ది?"

"కొలత చెల్లదు. మీ కాలి బలం పలక ఖాతాలో పడుతుంది."

"నా బలం ఎవుడి కాతాలో పడలేదు గనక! కానీ, మారుస్తన్నాను."

దీన్నే బేసిజోడు అంటారు. ఒక కాలికి ఒక రకం, రెండో కాలికి ఇంకో రకం తొడిగి, జెండాలు పాతిన గాడి పొడుగునా ఎక్కి దిగి, మళ్ళీ కాళ్ళు మార్చి ఎక్కి దిగాలి. రెండు పలకలనూ ఒకే మంచు మీద, ఒకే గాలిలో, ఒకే మనిషి తొక్కితేనే ఏది ఎంతటిదో తేలుతుంది. సూది సన్నం, తేలిక. గట్టి మంచు మీద బాణం. చేట వెడల్పు, బరువు. మెత్తటి మంచు మీద పడవ. లంబసింగి పలకల కొట్టంలో చిలకమ్మ చేసే ఉద్యోగం ఇదే: పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జారడం. జారడానికి జీతం ఇచ్చే ఊరు ఇంకెక్కడా లేదని ఆమె అందరికీ గొప్పగా చెప్పుకునేది.

ఆకాశానికి ముసుగు వేసిన పెద్దలు ఎండ తగ్గించడం వరకే నేర్చుకున్నారు. ముసుగు తియ్యడం ఎవరూ నేర్చుకోలేదు. ఎండ కరువై కొండలన్నీ మంచు కింద పడ్డాయి. ఒకప్పుడు కాఫీ తోటలకు నీడనిచ్చిన సిల్వర్ ఓక్ చెట్లు ఇప్పుడు తలలు మాత్రం బయటపెట్టి, మెడ దాకా మంచులో మోడులై నిలబడ్డాయి. కొండకు ఆవలి ఊళ్ళకు మందులైనా, ఉప్పైనా, విత్తనాలైనా మనుషుల వీపుల మీదే పోవాలి. వీపుల కింద కాళ్ళు, కాళ్ళ కింద పలకలు. ఎవరు ఏ పలక తొక్కాలో, ఏ దారిన పోవాలో చెప్పేది మంచుమతి అనే యంత్రం.

చిలకమ్మ ఎడమకాలి కట్టు విప్పడానికి వంగింది. ఊతం కోసం కర్ర పక్కకు చాపింది. కర్ర గాడి దాటి పడింది.

పైన అప్పడంలాంటి పొర ఫెళ్ళుమంది. ఆ తర్వాత ఏమీ తగల్లేదు. కర్ర పిడి దాకా దిగిపోయింది. మెల్లగా పైకి లాగి చూస్తే, కర్ర చివర చట్రంలో బొంబాయిరవ్వలాంటి పలుకులు. అరచేతిలో పోసుకుని పిసికితే ముద్ద కాలేదు. ఒకదానినొకటి ఎరగనట్టు వేళ్ళ సందుల్లోంచి రాలిపోయాయి.

రవ్వమంచు. పైన అప్పడం, కింద రవ్వ. ఆ రవ్వ మీద కొండ మీది మంచు మొత్తం పట్టు లేకుండా ఊరికే కూర్చుని ఉంది, కదిలిస్తే జారిపోయేలా.

అప్పుడు అడుగునుంచి ఆ చప్పుడు వచ్చింది. గుప్. ఎవరో అటక మీంచి బియ్యం బస్తా జారవిడిచినట్టు. పాదాల కింద గాడి సన్నగా వణికి ఊరుకుంది.

భయం వేసినప్పుడు చిలకమ్మ నోరు పెద్దదవుతుంది. పులి ఎదురైనా రెండు చతుర్లు ఆడి గాని పారిపోదని ఆమెకు పేరు. ఈసారి చతుర్ల జోలికి పోలేదు.

"మతీ," అంది గొంతు తగ్గించి. "గాడి పక్కన రవ్వమంచుందే."

"గాడి పక్కన కొలత లేదు."

"నాను సూసేను కదా!"

"చూపు కొలత కాదు. మీ కర్ర గాడి దాటింది, లోపలికి తీసుకోండి. మీ ప్రాణం విలువైనది."

పేరులో ఉన్నదంతా మంచే, మతి ఏదీ అని మామూలుగా అయితే అనేది. అనలేదు. చప్పుడు కాకుండా పలకలు తిప్పి, గాడిలోంచి వెంట్రుకవాసి పక్కకు పోకుండా కిందికి దిగింది.

కొట్టంలో పరదేశి పొయ్యి ముందు కూర్చుని చేటలను ముక్కలు చేస్తున్నాడు. పేరు పరదేశి, ఊరు పక్కనున్న నర్సీపట్నం. కొట్టానికి అధికారి అతనే. పలకలు ఎంచడం అతని పని కాదు, ఎంచినవాటిని ఇవ్వడం, ఎంచనివాటిని పొయ్యిలో పెట్టడం అతని పని.

"రా అప్పా, సెలి కాసుకో. సూదికి ముద్ర పడిపోనాది. చేటకి చేటుకాలం వొచ్చినాది," అని నవ్వాడు. చిలకమ్మను అతను అక్క వరసలో అప్పా అంటాడు. ఇలాంటి మాటకు చిలకమ్మ ఇంకో మాట తగిలించడం ఆ కొట్టంలో ఆనవాయితీ.

"నాను కాళ్ళు మార్సలేదింకా! ముద్రెలాగ పడ్డాది?"

"నీ ముందటోల్ల కొలతలు సాలంట. ఎన్నేళ్ళనుంచి తొక్కతన్నారు, అన్నిట్లోనూ సూదే గెలిసినాది. ఇక ఏ మంచుకైనా సూదేనంట."

గోడ మీద కొండ పటం వెలుగుతోంది. గాడి ఒక్కటే కాదు, కొండ వాలు మొత్తం ఆకుపచ్చగా ఉంది. ఆ పచ్చదనం మీదుగా ఒక కొత్త గీత, చెట్ల వైపు చుట్టుదారిని వదిలేసి, వాలును అడ్డంగా కోస్తూ గండి దాకా తిన్నగా పోయింది.

"ఇదేటిది?"

"ఇయ్యాల్టి మోత దారి. సుట్టూ తిరగక్కర్లేదు. అవతల పిల్లలకి జొరాలు కదా, మందులు బేగెళ్ళాలి. సూదైతే అడ్డంగా రివ్వుమని ఎలిపోవచ్చంట."

మూల బల్ల మీద మోతగాళ్ళు వరసగా కూర్చుని సూదులు కట్టుకుంటున్నారు. అందరికంటే ముందు కాసులమ్మ. వీపున మందుల పెట్టె, పెదాల మధ్య కట్టు తాడు కొస. చిలకమ్మ కూతురు. మోతకు ముందు నడిచేది ఆమే.

"కాసూ, ఇప్పీయే అయి."

"ఏటమా, ఇప్పుడే కదా కట్టేను! నువ్వు తొక్కి బాగున్నాదన్న పలకే కదేటి?"

ఆ మాట చిలకమ్మ నడినెత్తిన పడింది. నిజమే, తొక్కింది తనే. తనకు ముందు తన పెద్దమ్మ, ఆమెకు ముందు ఇంకొకరు. అందరూ తొక్కింది ఎక్కడ? గాడిలో. కొండ మనుషులు అడవిలో నడిచేది ఒకరి వెనక ఒకరు, ముందువాడి అడుగులో అడుగు వేసి. ముల్లున్నా, పామున్నా, గొయ్యి ఉన్నా ముందువాడికి తెలుస్తుంది, వెనకవాడు బతుకుతాడు. పిల్లలకు మాటకంటే ముందు నేర్పేది అదే. అడవి పోయి మంచు వచ్చినా అలవాటు పోలేదు. మొదటి పరీక్షకురాలు ఎక్కిన జాడలోనే రెండోది ఎక్కింది, దాంట్లోనే మూడోది. అన్ని పలకలూ తొక్కి తొక్కి ఆ ఒక్క జాడ గచ్చులా బిగిసింది. తర్వాత మంచుమతి వచ్చి అదే జాడకు జెండాలు పాతి, గాడి అని పేరు పెట్టి, దాటకూడదని నియమం పెట్టింది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. మంచుమతి అలాగే ఒక్క మెతుకు పట్టి చూసి కుండంతా ఉడికిందని తేల్చింది. కానీ ఆ మెతుకును వీళ్ళే పళ్ళ కింద పెట్టి మెత్తగా నమిలి దాని చేతికిచ్చారు.

చిలకమ్మ పరదేశిని చెయ్యి పట్టుకుని గుమ్మం దాకా లాక్కుపోయి, చూసింది చెప్పింది. రవ్వ చెప్పింది, చప్పుడు చెప్పింది. పరదేశి మొహంలో నవ్వు ఆరిపోయింది.

"నాను నమ్ముతానప్పా. నాను నమ్మితే ఏటి లాబం? మోత ఆపడం నా సేతిలో లేదు. మాట సెప్తే వినదు, కొలతడుగుద్ది. కొలత గాడిలోదే అవ్వాల."

"మరింకెలాగా ఆగదా మోత?"

"ఆగదు. కొండ మీద గాడి బయట మనిషుంటే తప్ప..." అని ఆగిపోయాడు. తన నోట్లోంచి ఏం జారిందో అతనికి అప్పుడు తెలిసింది. "అప్పా. నానేటీ అనలేదు. నువ్వేటీ ఇనలేదు."

"ఇన్నాను."

"పిచ్చిపని సెయ్యకప్పా, నీ కాళ్ళట్టుకుంటాను. నీకెందుకు, జారుకో."

"జారడం నా పని పరదేశీ. జారుకోడం కాదు."

అన్నది చతురే గాని ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు.

లోపలికి రాగానే తను విప్పిన చేట అప్పటికే పొయ్యికి చేరింది, ఆమె దాన్ని బయటికి లాక్కుంది. దాని ముక్కు అప్పటికే మసిబారింది. మడమ దగ్గర ఇంకా పొగ వస్తోంది. కుడికాలికి అది, ఎడమకాలికి సూది. బేసిజోడు లేకపోతే మంచుమతి కొలతే అనదు మరి. గాడి ఎక్కసాగింది. మొదటి జెండా దాటింది, రెండోది దాటింది. వెనక కొట్టం తలుపు తెరుచుకుంది, మోత బయటికొచ్చి వాలు కింద బారు తీరింది. అంత పైనుంచి కాసులమ్మ ఎర్ర తలగుడ్డ మిరపపండంత కనిపించింది.

ఇక్కడినుంచి చూస్తే వాలు ఎంత అందంగా ఉందో. ముడత లేదు, మరక లేదు. దాని మీద ఎవరి అడుగూ పడలేదు కాబట్టే అంత అందం.

చిలకమ్మ కుడికాలు ఎత్తి గాడి బయట పెట్టింది. అప్పడం చిటచిటలాడింది, చేట మాత్రం దాని మీద నిలబడింది. తర్వాత ఎడమకాలు పెట్టింది. సూది పేరుకు తగ్గట్టే గుచ్చుకుని మోకాలి దాకా దిగిపోయింది.

గుప్.

ఈసారి కొండ మొత్తం మింగిన గుటక అది. ఆమె పైవైపున మంచు చర్రుమని చీలింది. నూలు చీర అంచు పట్టుకుని చింపినట్టు ఆ చీలిక వాలు ఈ కొసనుంచి ఆ కొసకు పరుగెత్తింది. నేల ఒక వేలెడు కిందికి జారింది. జారి, ఎందుకో ఆగింది.

"మనిషి బయట," అంది మంచుమతి. దాని గొంతు చెవిలోనే కాదు, కింద మోతగాళ్ళందరి చెవుల్లోనూ పలికింది. "మోత నిలుపు. చిలకమ్మ గారూ, గాడిలోకి రండి."

"రాలేను. నాను కదిల్తే కొండ కూడా నాతో వొచ్చీలాగున్నాది." "కొలత తీసుకోవే. బేసిజోడు మీదే ఉన్నాను."

"కుడి పలక: తేలింది. ఎడమ పలక: మునిగింది. మంచు..." అని ఆగింది. "మంచు..." అని మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగింది. కొట్టం గుమ్మంలోంచి పరదేశి కేక వినిపించింది. పటంలో పచ్చ రంగు పోతోందట, కొండంతా తెల్లబడిపోతోందట.

"మంచు: తెలియదు," అంది మంచుమతి. ఆ మాట దాని నోట వినడం అక్కడ ఎవరికైనా అదే మొదలు.

చిలకమ్మ కళ్ళు కూతురి మీదే ఉన్నాయి. ఎర్ర తలగుడ్డ కదిలింది. గాడి మొదట్లోకి వచ్చింది. తల్లి వేసిన జాడలో ఒక కాలు, ఆ వెనకే ఇంకో కాలు. చిన్నప్పుడు తను చిటికెన వేలు పట్టుకుని ఎలా నేర్పిందో అలాగే, పొల్లు పోకుండా, అమ్మ అడుగులో అడుగు.

"ఒలే కాసూ!" చిలకమ్మ కడుపులోంచి వచ్చింది కేక. "నా అడుగులో అడుగెయ్యకే! ఆగే!"

తలగుడ్డ ఆగింది. పెట్టె వీపునే ఉంది, ఆవలి పిల్లల జ్వరాలకు మందులూ దాంట్లోనే ఉన్నాయి, పైన తల్లి ఉంది. తర్వాత కాసులమ్మ వంగి కట్లు విప్పింది. రెండు సూదులనూ మంచులో నిలువునా పాతింది. ఆమె వెనకవాడు కూడా విప్పి పాతాడు, అతని వెనకవాడూ.

"సూదికి ముద్ర ఉంది. దయచేసి తొడుక్కోండి," అంది మంచుమతి. ఎవరూ వంగలేదు.

"అమా!" కాసులమ్మ పైకి కేకేసింది. "సెట్ల వైపునుంచి సుట్టూ ఎక్కి, పైనుంచి తాడేస్తాను. అట్నుంచటే గండి దాటి మందులూ ఇచ్చేస్తాం. ఏ పలకేసుకోనూ?"

చిలకమ్మ కళ్ళు మూసుకుంది. చెట్ల నీడలో మెత్తటి పిండిమంచు ఉంటుంది, సూది మునుగుతుంది. శిఖరం మీద గాలి ఊడ్చిన గాజుమంచు ఉంటుంది, ఉత్త చెక్క అంచు నిలవదు. మధ్యలో నిట్టనిలువు, పొలుసులు చాలవు. ఆ దారిలో ఆమె ఎన్నడూ పలక తొక్కలేదు. గాడిలో నేర్చుకున్నదేదీ అక్కడ పనికిరాదు. చేతిలో రాలిన రవ్వా, కాళ్ళ కింద ఇప్పుడున్న ఈ రెండు పలకలూ, అంతే తనకు తెలిసింది.

"రెండు కాళ్ళకీ చేటలే! పొయ్యిలో పడకుండా మిగిల్నయి పరదేశినడుగు! ఇనపంచున్నయే తీసుకో! ఎక్కీటప్పుడు ఎనక్కి జారకుండా అడుగున బొచ్చుపట్టీలు కట్టు, శికరం మీదా ఇప్పకు! మనిసికీ మనిసికీ మద్దిన ఎడముండాల! ఎవులి జాడ ఆలే ఏసుకోండి!"

"ఆ ప్రశ్న నన్ను అడగవలసినది," అంది మంచుమతి.

పరదేశి చంకనిండా చేటలతో కొట్టంలోంచి పరుగెత్తుకొస్తున్నాడు. ఒక చేట నేల మీద పడితే వెనక్కి తిరిగి ఏరుకున్నాడు. కింద మోతగాళ్ళు ఎడం ఎడంగా జరిగి నిలబడ్డారు.

చిలకమ్మ ఎడమ మోకాలు కొండలో ఉంది. ఆ మోకాలి చుట్టూ రవ్వ పలుకు పలుకుగా సర్దుకుంటున్న చప్పుడు ఆమెకు ఎముకలోంచి వినిపిస్తోంది. ఒక్కొక్క ఊపిరినీ పగిలే కుండలా దించి పెట్టుకుంటూ ఆమె కదలకుండా నిలబడింది. కింద, చెట్ల వైపు, కొత్తగా కురిసి ఇంకా ఎవరూ తొక్కని మంచు మీద, మిరపపండంత తలగుడ్డ తనకు తానుగా ఒక కొత్త గీత గీయడం మొదలుపెట్టింది.

"ఆ ప్రశ్న నన్ను అడగవలసినది," అంది మంచుమతి మళ్ళీ, ఈసారి కొంచెం మెల్లగా.