మహబూబ్ అలీ కారుల కూసున్నది

టేకులపల్లి దాటి ఇల్లందు తొవ్వ పట్టినంక, అడవి రోడ్డు మీదికి వంగే కాడ ఒక కల్వర్టు ఉన్నది. కొమ్మల కల్వర్టు అంటరు. పేరు మంచిది కాదు. ఎన్నడో ఎవరో ఆడమనిషి బండి కింద పడి అక్కడనే పానం ఇడిసిందట... అప్పటి నుంచి పోయేటోళ్లు బండి ఆపి, ఇంజను బందు చేసి, పచ్చి కొమ్మ ఒకటి విరిచి కుప్ప మీద వేసి పోవాలె. ఇంజను గురగురమంటుంటే ఆమెకు కోపమట. పొద్దుగూకినంక అయితే ఆగేటోడే లేడు – ముందే విరిచి పెట్టుకున్న కొమ్మను నడిచే బండి నుంచే విసిరి పోతరు.

నా ధైర్యం సంగతి ముందే చెప్పేస్త. నేను ఆ కల్వర్టును బస్సులోనే దాటుత. నడిమి సీటు, రెండు దిక్కులా లావుపాటి మనుషులు, కండ్లు మూసుకొని. అసుంటి నాకు మహబూబ్ అలీ ఈ కథ చెప్పిండంటే, చెప్పుకోను వేరే మనిషి దొరకకనే.

ఆయనది కొత్తగూడెంలో చెప్పుల దుకాణం. నా కుట్టు మిషను ఆయన అరుగు మీదనే. ఆయన కారు కొన్న కొత్తల చుట్టాలందరికీ ఒక్కసారే పెండ్లిళ్లు వచ్చినయి. కారు తెల్లగ పోయేది. వచ్చేటప్పుడు సీట్ల మీద గోరింటాకు చేతులు, కింద బిర్యానీ మెతుకులు, ట్యాంకుల ఉత్త గాలి. "లేదు" అనే నోరు ఆయనకు లేదు. అందుకని ఖమ్మం పోయి కారుకు ఇమ్మొబిలైజర్ పెట్టించిండు.

చింతగింజంత నల్ల బిళ్ల. అది దగ్గర ఉంటేనే ఇంజను అందుకుంటది. లేకుంటే తాళం తిప్పినా దగ్గి ఊకుంటది, ఎర్ర లైటు టిక్కుటిక్కుమని కొట్టుకుంటది, ఇంకోసారి తిప్పితే కూత పెడతది. ఆయనను సుత అది తక్కువ సతాయించలే. బిళ్లను ఇంట్ల అంగీల మరిచొచ్చిన శుక్రవారం, నమాజు అయి బయటికొచ్చిన జనమంతా ఆ కూతకు చెవులు మూసుకున్నరు.

అయినా ఇడువలే. ఎవరన్నా కారు అడిగితే తాళం చెవి నవ్వుకుంట ఇచ్చేటోడు. బిళ్ల జేబులనే. కారు కదలకపోతే తల గీక్కొని, "కొమ్మల కల్వర్టు కాడ ఏదో ఎక్కి కూసున్నట్టుంది. నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడనిస్తలేదు" అనేటోడు.

అందరూ నమ్మిన్రు. అందరికంటే ముందు నేను. ఆ కారు పక్కన నా సైకిల్ కూడా ఆపేటోణ్ణి కాదు.

ఆయన అక్క ఆతియా ఇల్లందులో ఉండేది. ఒకనాడు ఆమె కొడుకు ఖాలిద్ వచ్చిండు. అమ్మీకి ఆయాసం ఎక్కువైంది, ఖమ్మం దవాఖానాకు తీస్కపోవాలె, కారు కావాలె అన్నడు. మహబూబ్ అలీ తాళం చెవి ఇచ్చిండు. మిగతాదంతా అలవాటే. ఖాలిద్ చెమటలు పట్టేదాక తిప్పి తిప్పి, ఉత్త చేతులతోని తిరిగిపోయి, తల్లిని వానల ఆటోల తీస్కపోయిండు. ఆమె మళ్ల కోలుకోలే.

తమ్ముని మీద కోపం పెట్టుకున్నదా అంటే అదీ లేదు. ఆ ఆయాసంతోనే దర్గాకు పోయి తావీజు కట్టించి, ఇత్తడి సుర్మా డబ్బీల పెట్టి పంపింది – తమ్ముని కారుల ఏదో కూసున్నది, ఆనికి ఏం గావద్దు అని. ఆయన మూత కూడా తీయకుండ డ్యాష్‌బోర్డు అరల పడేసిండు.

మొన్న చలికాలం ఆతియా పోయింది. పొద్దుగూకే యాళ్ల మగ్రిబ్ నమాజు కాంగనే మట్టి అని ఫోనొచ్చింది. కడసారి చూపు అందకున్నా, తోబుట్టువు చేతులతోని మూడు పిడికిళ్ల మట్టన్న పడాలె. షట్టరు సగం దించి బయలెల్లిండు.

కల్వర్టు కాడికి వచ్చేసరికి పొద్దు అడవిలకు దిగింది. కొమ్మ ముందుగాల విరవలే. వేయకుండ పోదామంటే – ఊరంత తాను చెప్పిన అబద్ధమే కాళ్లకు అడ్డం పడ్డది. ఇంజను బందు చేసి దిగిండు. కొమ్మ విరిచి వేసిండు.

వెనక ఎండుటాకుల మీద ఎవరో అడుగు వేసినట్టు... ఆగినట్టు...

ఉరికొచ్చి కారుల పడ్డడు. అక్క డబ్బీ యాదికొచ్చింది. మూత తీసిండు. నల్ల గుడ్డల తావీజు. అక్క ఇంటి అత్తరు వాసన. ఆ గాబరల బిళ్ల యాడ జారి పడ్తదోనని, దాన్ని సుత డబ్బీలనే పెట్టి, మూత గట్టిగ ఒత్తి, గుండె మీది జేబుల ఏసుకున్నడు.

తాళం తిప్పిండు.

దగ్గింది. ఊకున్నది. ఎర్ర లైటు... టిక్కు... టిక్కు...

మళ్ల తిప్పితే కూత. అడవి అడవంత కూత. జేబు తడుముకున్నడు – బిళ్ల ఉన్నది. చెయ్యి ఆయనదే. అయినా కదలదు.

ఫోనుకు సిగ్నల్ లేదు. రోడ్డు మీదికొచ్చి చేతులూపిండు. కొమ్మల కల్వర్టు కాడ, మసక చీకట్ల, తెల్ల లాల్చీ ఏసుకొని చేతులూపితే ఎవడాగుతడు? లారీ జోరు పెంచింది. బైకు మీది ఇద్దరు ఆయన మొహానికే కొమ్మ విసిరి పోయిన్రు. ఇల్లందు బస్సు సుత ఆగలే. దాంట్ల నేను లేను. ఉన్నా కండ్లు తెరవకపోదును.

మగ్రిబ్ ఎప్పుడు దాటిందో... కల్వర్టు గోడ మీద కూసుండి ఏడ్చిండట.

చీకటి చిక్కగైనంక ఇల్లందు దిక్కు నుంచి ఒక బైకు వచ్చి ఆగింది. ఖాలిద్. మామూ రాలేదని ఎతుక్కుంట వచ్చిండు. గోర్లల్ల ఇంకా మట్టి ఉన్నది.

"అయిపోయిందా?"

"అయింది మామూ. నీ కోసం జరసేపు ఆపిన్రు."

మహబూబ్ అలీ డబ్బీ తీసి, మూత తెరిచి చూపించిండు. అమ్మీ తావీజు నా జేబులనే ఉన్నది బేటా, అయినా అది నన్ను పోనియ్యలే అన్నడు. ఖాలిద్ కారుల కూసుండి, తాళం తిప్పిండు.

ఒక్క తిప్పుకే అందుకున్నది.

ఖాలిద్ తన చెయ్యి చూసుకున్నడు. మామ చేతిలో తెరిచి ఉన్న డబ్బీ చూసిండు. ఇంజను ఆపి, డబ్బీ అందుకొని, మూత పెట్టి తిప్పిండు – దగ్గి ఊకున్నది. మూత తీసి తిప్పిండు – అందుకున్నది. తావీజు పక్కనున్న నల్ల బిళ్లను రెండు వేళ్లతోని తీసి హెడ్‌లైటు ఎలుగుకు పట్టి చూసిండు.



"ఆ రోజు గూడ ఇది నీ జేబులనే ఉండెనా మామూ?"

 

ఖాలిద్ బిళ్లను ఆయన అరచేతిల పెట్టి, వేళ్లు తనే ముడిచిండు. తావీజు మాత్రం తీసుకున్నడు.

"అమ్మీ చెప్పిందే నిజం," అన్నడు మెల్లగ. "నీ కారుల ఏదో కూసున్నది."

బైకు మలుపు తిరిగి పోయింది. కారు స్టార్టయ్యే ఉన్నది... ఇగ యాడికి పోవాల్నో చెప్పేటోళ్లు లేక.