నేనింగ్ అసలు పుట్టినరోజు

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో ఆ ఉదయం వంటింట్లో వెల్లుల్లి అన్నం ఘుమఘుమలాడుతోంది కానీ, తల్లీ కూతుళ్లకు మాత్రం మాటా మాటా పెరిగింది.

"అరవై నిండాయని వృద్ధుల కార్డు ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టిందెవరు? నేనా? ఊరందరితో పాటు దొంగ కూడా చూసింది!" అంది రొవేనా.

"సంతోషం పట్టలేక పెట్టానే," అంది తల్లి మిలాగ్రోస్, ఎండుచేప ముక్క కూతురి పళ్లెంలోకి తోస్తూ. ఆమెను ఇంటా బయటా అందరూ నేనింగ్ అనే పిలుస్తారు.

ఆ కార్డు వివరాలతో ఎవరో ఆమె పేరిట పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టేశారు. దుబాయిలో చిన్న కూతురు లిజాకు తొలి కాన్పు, నెల కూడా లేదు. అసలు మనిషెవరో ఇవాళ తేలకపోతే ఆ కాన్పుకు తల్లి వెళ్లలేదు. కోపం వస్తే ముందూ వెనకా చూసే మనిషి కాదు రొవేనా. "నీ పిచ్చి ఫొటోలే కొంప ముంచాయి," అనేసింది. నేనింగ్ కళ్లు తుడుచుకుంది.

పాస్‌పోర్టు ఆఫీసులో అధికారిణి కంప్యూటర్లో మిలాగ్రోస్ పేరుతో ఉన్న రెండు ఫేస్‌బుక్ పేజీలు తెరిచి కూర్చుంది. "కార్డులో పుట్టినరోజు మార్చి మూడు. మీ పేరుతో దరఖాస్తు పెట్టిన రెండో ఆవిడ పేజీలో శుభాకాంక్షలూ మార్చి మూడునే ఉన్నాయి. మీకు పన్నెండేళ్లుగా డిసెంబరు ఎనిమిదిన చెప్తున్నారేంటమ్మా?"

నేనింగ్ ఫక్కున నవ్వింది. "మాది దూరపు పల్లె మేడమ్. నేను పుట్టింది డిసెంబరు ఎనిమిదిన, మరియమ్మ పండగనాడు. మా నాన్న కోతలన్నీ అయ్యాక తీరిగ్గా పట్నం వెళ్తే, గుమాస్తా ఆ రోజు తేదీనే పుట్టినరోజుగా రాసేశాడు. మావాళ్లెవరూ మార్చిలో చెప్పరు."

"మా అమ్మదీ ఇదే కథ!" అధికారిణి కూడా నవ్వేసింది. "కార్డు చూసి వేషం కట్టిన మనిషికి డిసెంబరు సంగతేం తెలుస్తుంది? మీ పేజీలో 'నేనింగక్కా, వేపుడు ఏదీ?' అని అడిగేవాళ్లు, కీళ్లనొప్పికి మందు చెప్పేవాళ్లు, తిట్టేవాళ్లు. ఆవిడ పేజీ పుట్టి ఆర్నెల్లు. అందరూ 'మిలాగ్రోస్ గారూ' అనేవాళ్లే. ఆ దరఖాస్తు ఆపేస్తున్నాను. మీరు దుబాయి వెళ్లొచ్చు."

నేనింగ్ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి తల్లీ."

"ఏటా మరిచిపోకుండా పలకరించిన మీవాళ్లకు చెప్పండమ్మా ఆ మాట," అంటూ పేర్లు చూస్తూ ఆగిందామె. "అవునూ, మీ పెద్దమ్మాయి పేరు కనబడదేం?"

రొవేనా తల దించుకుంది. ఆ ఫొటోలు చూసి తోటి టీచర్లు నవ్వుతారని తల్లి పేజీలో ఇన్నేళ్లలో ఒక్క మాటా రాయలేదు.

"అది నాతోనే ఉంటుందిగా మేడమ్. పొద్దున్నే ముద్దు పెట్టి మరీ చెప్తుంది," అంది నేనింగ్ గబుక్కున.

రొవేనా ఒక్క ఏడాదీ అలా చెప్పలేదు. అందరూ చూస్తుండగానే తల్లి భుజం మీద వాలి బావురుమంది.