కోరుట్ల డ్రమ్ములో విషం

సిరిసిల్ల బస్టాండులో, రహస్య సమాచారం మోసే కొరియర్ కొమురయ్యను ఎవరో కాల్చేశారు. ప్రాణం పోయేముందు అతను చెప్పింది ఒకటే మాట. "కోరుట్లల... ఒక్క డ్రమ్ముల..."

జగిత్యాల సేఫ్‌హౌస్‌లో గూఢచారి శాఖ చీఫ్ ఏసయ్య బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు.

"వానపాముల ఎరువుల హ్యూమిక్ పదార్థాలుంటయ్. మొక్కల ఉండే ఆక్సిన్ హార్మోన్ లెక్కనే పనిజేస్తయ్. పక్కవేర్లు గుబురుగ అస్తయ్. తక్కువ నీళ్లకు గూడ పంట నిలవడ్తది. ఎరువుల దందా జేసే విదేశీ ముఠాకు గదే కడుపుమంట. ఇయ్యాల కోరుట్లల రైతులకిచ్చే ఎరువు ద్రవంల విషం కలుపుతరు."

"ఎవరు సార్?" అడిగాడు ఏజెంట్ సాగర్.

"తెల్వది. మనోళ్లలనే ఒకరున్నరు."

పసుపు విత్తనం ఆ ద్రవంలో ముంచుకోవడానికి వచ్చేవాళ్లలో సాగర్ అన్న రాజలింగం ఉన్నాడు. తమ్ముడు ఏజెంటని ఆయనకు తెలియదు. పంటలు వరసగా పోయి, దుబాయ్ వీసా తెచ్చుకున్నాడు అన్న. ఈ విత్తనం కూడా కుళ్లితే ఇక విమానం ఎక్కడమే.

గడ్డం అతికించుకుని, గోనెసంచులు కొనేవాడి వేషంలో సాగర్ కోరుట్ల చేరాడు. వాచీలోని సెన్సర్‌తో డ్రమ్ములన్నీ పరీక్షించాడు. అన్నిటికీ పచ్చలైటే! ముఠా దానికి అందని విషం ఎంచుకుంది.

ఆఖరి డ్రమ్ము దగ్గర నిలబడి ఉంది డాక్టర్ సంగీత. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. సైంటిస్టు వేషంలో ఉన్నా, ఆమె సాగర్ శాఖ మనిషే.

"దా రాజలింగమన్నా, నీ ఇత్తనం గంప ముంచు."

ఏ ఊళ్లోనైనా ఆమె మొదట తన చెయ్యి మోచేతిదాకా ముంచి, "సూడుండ్రి, ఏం గాదు" అని చూపించేది. రైతులు నమ్మింది ఆ చేతినే. ఇవాళ ఆ చేతులకు రబ్బరు గ్లవ్స్!

"మేడమ్, గ్లవ్స్ దీసి ముంచుండ్రి!" అరిచాడు సాగర్.

ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. అన్న గంప ద్రవానికి బెత్తెడు దూరంలో ఉంది. సాగర్ కళ్లు మూసుకుని డ్రమ్మును ఒక్క తన్ను తన్నాడు. డ్రమ్ముతో పాటు సంగీత కూడా బోర్లా పడింది. మఫ్టీలో ఉన్న ఇద్దరు ఏజెంట్లు "మేడమ్‌కు కండ్లు తిరిగినయ్" అంటూ ఆమెను జీపెక్కించారు.

ఆ తోపులాటలో సాగర్ పెట్టుడు గడ్డం ఊడిపోయింది.

"సాగరూ! నువ్వారా? మంచి మందంత మట్టిపాలు జేస్తివి గదరా!" అరిచాడు రాజలింగం.

సాగర్ అన్న గంప వైపు చూశాడు. గంప పొడిగా ఉంది. అది చూసి ఏడుపొచ్చినంత పనైంది.

రాజలింగం పక్క డ్రమ్ములో గంప ముంచి నెత్తికెత్తుకున్నాడు.

"నేన్ దుబాయ్ ఎందుకు వోతరా, పసుపు వెట్టేదున్నది. ఏ పని చాతగాని నువ్వే పో!"