పటాల గదిలో తెల్లగీత

మా బడి పై అంతస్తులో, ల్యాబ్ దాటి చివరికంటా వెళితే పటాల గది ఉంది. పొద్దుగూకాక అటువైపు ఎవరూ వెళ్ళరు. పగలు పంపినా పిల్లలు ఇద్దరేసి వెళతారు... అదీ ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని.

అక్కడ దెయ్యం ఉందని అందరూ ఒప్పుకుంటారు. ఎలాంటి దెయ్యం అన్నదగ్గరే తగువు. మగమనిషి ఏడుపు విన్నామని కొందరు. కాదు, ఆడగొంతు — గుసగుసగా ఎవరితోనో మాట్లాడుతోందని కొందరు. నేను లెక్కల మాస్టారిని. ఒక్క గదికి రెండు దెయ్యాలు ఎక్కువని వెక్కిరించేవాణ్ణి. మా హిస్టరీ టీచర్ ఈ సంగతి చెప్పాక ఆ వెక్కిరింపు మానేశాను.

ఆవిడ పాఠం చెప్పే తీరే వేరు. ఏడో తరగతి గోడకి ఒకే సముద్రతీరం పటాలు, వేర్వేరు కాలాలవి, పక్కపక్కనే వేలాడదీస్తుంది. "ఏం మారిందో మీరే చెప్పండి" అని తీరిగ్గా కూర్చుంటుంది. కాసేపటికి తరగతంతా లేచి పటాల మీద పడుతుంది. "టీచర్, ఈ దేశం ఏమైపోయింది? దీన్ని ఎవరు తీసేశారు? మరి అందులో ఉన్నవాళ్ళో?" అప్పుడు మొదలుపెడుతుంది చరిత్ర.

అయితే ఏ పటం చూపించినా పిల్లలు ముందు వెతికేది మన ఊరినే. దొరకగానే వేలు పెట్టి నొక్కుతారు. ఏళ్ళ తరబడి అలా నొక్కీ నొక్కీ, గుడ్డ మీద అతికించిన ఆ పాత పటాల్లో మన ఊరు అరిగిపోయి చిల్లు పడింది. ప్రపంచమంతా ఉంది, మన ఊరొక్కటే లేదని పిల్లలకదో పెద్ద జోకు.

ఈమధ్య తరగతుల్లో పెద్ద పెద్ద తెరలు బిగించారు. ఇంకా ఈ గుడ్డలెందుకు, తుక్కుకి వేసేయమని యాజమాన్యం చెప్పింది. హెడ్‌మాస్టరు సంతకం పెట్టేశారు. మర్నాడు పొద్దున్నే బండి వస్తుంది.

ఆ సాయంత్రం మీటింగు సాగి సాగి చీకటి పడింది. అందరూ ఇళ్ళకి పోయారు. హిస్టరీ టీచర్‌కి మాత్రం మనసొప్పలేదు. పాత ఓడదారుల పటం ఒక్కటైనా దాచుకుందామని, ఫోన్ లైటు వేసుకుని మెట్లెక్కింది.

వరండా చివర తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల... ఎవరో ఏడుస్తున్నారు.

మగమనిషి ఏడుపు. నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు, బయటికి రానివ్వని ఏడుపు. ఆవిడ పారిపోదామనుకుంది. చేతిలో లైటు మాత్రం తనంతట తనే గదిలోకి తిరిగింది.

ఓడదారుల పటం ముందు, దానికి నుదురు ఆనించి — హెడ్‌మాస్టరు.

కేకేస్తే బడి మొత్తం నిలబడిపోయే మనిషి. ఆ మనిషి ముక్కు తుడుచుకుంటూ, "దెయ్యం అనుకున్నావామ్మా?" అన్నారు. "ఆ పుకారు నేనే పుట్టించాను. ఎవరూ రాకూడదని."

పటంలో నడిసముద్రం మీద ఆయన వేలు ఉంది. అక్కడ నీలం పోయి గుడ్డ తేలింది.

"మా అమ్మాయి ఇక్కడుందమ్మా" అన్నారు.

ఆ అమ్మాయి కథ మాకందరికీ తెలుసు. ఇదే బడిలో చదివింది. ఏడో తరగతిలో ఈ పటం మీద చుక్కల గీత పట్టుకుని, పెద్దయ్యాక ఇదే దారిలో వెళతానంది. అన్నట్టే ఓడలో ఆఫీసరయింది. ఆ ఓడ తిరిగి రాలేదు. చివరి కబురు ఎక్కడినుంచి వచ్చిందో కంపెనీవాళ్ళు చెప్పారు, అంతే.

"ఇంట్లో ఏడవచ్చుగా సార్..."

"మా ఆవిడ ఊరుకోదు. ఏడిస్తే పిల్ల పోయిందని ఒప్పుకున్నట్టేనట. నా ముందు ఒక్క చుక్క రాల్చలేదు. నన్నూ రాల్చనివ్వదు."

టీచర్ లైటు పటం మీదికి తిప్పింది. అప్పుడు కనబడిందది. ఆ అరిగిన చోటు నుంచి సన్నగా ఒక తెల్లగీత... దీవుల పక్కగా వంపు తిరిగి, తీరం వెంట వచ్చి, మన ఊరి చిల్లు దగ్గర ఆగింది. అచ్చులో ఉన్న చుక్కల గీత కాదు. వేలితో రాసీ రాసీ పడిన గీత.

"ఇదీ మీరేనా సార్?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"కాదమ్మా. నేను ఈ ఒక్కచోటే వేలు పెడతాను. కదపను." గొంతు బాగా తగ్గించారు. "పిల్లలు ఆడగొంతు అంటున్నారే... నేనూ విన్నాను. ఒకసారి, మెట్ల మీదనుంచి. పైకొచ్చేసరికి ఎవరూ లేరు. ఆ గీత రోజురోజుకీ తెల్లబడుతోంది." ఆయన గీత చివర మన ఊరి చిల్లు చూపించారు. "అది ఇంటికి వస్తోందమ్మా. రేపు ఈ పటం బండెక్కితే దారి తప్పిపోతుంది. చేతులారా సంతకం పెట్టాను."

ఆ క్షణంలో ఆయన మాట నమ్మానని టీచర్ నాతో దాచకుండా చెప్పింది.

అంతలో... వరండాలో అడుగుల చప్పుడు.

మెత్తగా, తడబాటు లేకుండా, చీకటి అలవాటైన అడుగులు. ఆయన టీచర్ చేతిలోని లైటు ఆర్పేశారు. ఇద్దరూ బీరువా వెనక్కి జరిగారు.

తలుపు కిర్రుమంది. ఎవరో లోపలికి వచ్చి, దీపం వెయ్యకుండానే తిన్నగా పటం దగ్గరికి నడిచారు. తర్వాత గుడ్డ మీద వేలు జరుగుతున్న సవ్వడి — సర్ర్... సర్ర్...

"ఇదిగో దీవులు... ఇవి దాటితే గాలి తగ్గిపోతుంది... భయపడకు. తీరం వదలకుండా రా... ఆఁ, అలాగే... అదిగో, మన ఊరి దీపాలు..."

వేలు ఆగింది.

"ఇంత ఆలస్యమైందేం తల్లీ?"

ఆ గొంతు ఆయన ఎరుగని గొంతు కాదు, అలాగని ఎదురుచూసిన గొంతూ కాదు. ఆయన బీరువా వెనకనుంచి వచ్చి, తడుముకుంటూ గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి వేశారు.

ఆయన భార్య.

బడి వెనకే వాళ్ళ ఇల్లు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వెనక మెట్లెక్కి వచ్చింది, చేతిలో ఈ గది మారు తాళంచెవి. రోజూ ఆయన ఇక్కడ ఏడ్చి వాహ్యాళికి వెళ్ళే వేళకి ఈవిడ వస్తుంది. ఈరోజు మీటింగు వల్ల ఆయనకే ఆలస్యమైంది.

"నువ్వా..." అన్నారాయన. ఆ ఒక్క మాటలో కూతురు ఆయనకి రెండోసారి పోయిందని టీచర్ అంది.

ఆయన భార్య బెదరలేదు, సిగ్గుపడలేదు. "సముద్రం మీద అరిగిన చోటు చూసినరోజే తెలిసింది నాకు, అది మీ వేలని" అంది. "రోజూ పిల్లని అక్కడే వదిలేసి వచ్చేస్తున్నారు. ఎవరో ఒకరు ఇంటికి తీసుకురావాలిగా."

ఆయన వచ్చి పటం ముందు నిలబడ్డారు. అలవాటు చొప్పున వేలు నడిసముద్రం మీదికి వెళ్ళింది. కన్నీళ్ళు ధారాపాతంగా కారుతున్నాయి. ఆవిడ ఈసారి ఏడవొద్దని అనలేదు. తన వేలు కూడా తెచ్చి అక్కడే ఆనించింది. చాలాసేపు అలాగే ఉన్నారు.

తర్వాత ఆవిడే మెల్లిగా అంది.

"వేలు తియ్యండి... పిల్ల బయల్దేరాలి."

ఆయన తియ్యలేదు. ఆవిడ వేలు దీవుల వైపు కదులుతుంటే, పక్కనే తన వేలూ జరుపుకుంటూ వెళ్ళారు.