మూతపడ్డ కార్ఖానా ముందు ఆగిన జీపు

అశోక్ చౌక్ దాటాక, ఎడమ చేతి సందులో ఒక మూతపడ్డ నేత కార్ఖానా ఉంది. చీకటి పడితే ఆటోవాళ్ళు ఆ సందులోకి రారు. ఎంత ఇస్తామన్నా చౌక్‌లోనే దింపేస్తారు. లోపల కరెంటు లేదు, మనిషి లేడు... అయినా చేతిమగ్గం చప్పుడు వినిపిస్తుందట. టక్... టక్... అని, తీరిగ్గా, తెల్లారేదాకా.

పోయిన వానాకాలం నర్సప్ప జీపు ఆగిపోయింది సరిగ్గా అక్కడే.

నర్సప్పది తువ్వాళ్ళ వ్యాపారం. కట్టలు వేసుకుని బురద దారుల్లో ఊళ్ళ సంతలు తిరగడానికి పదిహేడేళ్ళ కింద ఆ ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నాడు. అప్పటికది ముసలిదైంది. ఆ ఏడే క్లచ్చు మార్చాడు, రేడియేటర్ మార్చాడు. ఇక గేర్‌బాక్సు వంతు — మిస్త్రీ నలభై వేలన్నాడు. భార్య యమునాబాయి ఇంక ఊరుకోలేదు. పాత ఇనుము కొనే వ్యాపారిని తనే మాట్లాడింది. పొద్దున్నే వచ్చి తీసుకుపోతానన్నాడతను.

ఆ రాత్రి కొంతం చౌక్ దగ్గర పెళ్ళి విందు తిని ఇద్దరూ తిరిగొస్తున్నారు. కుండపోత వాన. పెద్ద రోడ్డు మీద కార్లన్నీ నీళ్ళలో నిలిచిపోయాయి. మిగిలింది ఆ సందొక్కటే.

"అటు వద్దు," అంది యమునాబాయి.

"ఇంకెటు పోదం?"

నర్సప్ప జీపును లోపలికి తిప్పాడు. నీళ్ళు బంపరు దాకా వచ్చాయి. కార్ఖానా తలుపు ముందుకు రాగానే బండి రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

వాన... చీకటి... ఆ తర్వాత —

టక్... టక్...

యమునాబాయి మొగుడి చెయ్యి పట్టుకుంది. "ఇంటున్నవా?"

"ఇంటున్న. నువ్వు మాట్లాడకు."

తాళం తిప్పాడు. బండి మూలిగింది, అంతే. మళ్ళీ తిప్పాడు. ఈసారి మూలుగు కూడా లేదు. ఇంతలో కిటికీ చువ్వల మధ్య నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. మోచేతి దాకా తెల్లగా... బూజు పట్టినట్టు...

"నర్సప్పా..."

నర్సప్ప తాళం వదిలేసి సీటులో వెనక్కి జరిగాడు.

"నర్సప్పా, నీ బండేనా? సప్పుడు ఇని ఆనవాలు పట్టిన. తలుపు వస్తలేదు... కట్టెతోని కొట్టి కొట్టి చేతులు పోయినయ్. లోపల పల్లం, నీళ్ళు నడుము దాక వచ్చినయ్ రా."

అది అంబాదాస్ కాకా గొంతు. నర్సప్ప పక్క గల్లీలోనే ఉంటాడు, డెబ్బై దాటిన నేతగాడు. గుండె ఆపరేషన్ అయ్యాక కొడుకు మగ్గం ముట్టనివ్వడం లేదు. అందుకని ఇంట్లో అందరూ పడుకున్నాక దొంగచాటుగా వచ్చి, ఇక్కడి పాత మగ్గం మీద చద్దరు నేసుకుంటున్నాడు. ఆ చేతికి అంటుకున్నది నూలు పొట్టు. వానకు బయటి రేకులు కూలి తలుపును బిగించేశాయి.

నర్సప్ప కట్టలు కట్టే లావుపాటి తాడు తీసి, ఒక కొస తలుపు కడ్డీకి, ఇంకో కొస జీపు కొక్కేనికి ముడేశాడు. ఇక బండి లేవాలి. యమునాబాయి జీపు ముందు అద్దం కింద అరచెయ్యి ఆనించి, మెల్లగా అంది.

"తల్లీ, ఈ ఒక్కసారి లెవ్వు. ఆ నలభై వేలు నేను బీడీలు చుట్టిన పైసల్ల నుంచి నేనే పెడ్త."

నర్సప్ప తాళం తిప్పాడు. జీపు లేచింది. నాలుగు చక్రాలూ బురదను కరిచి పట్టాయి. తాడు బిగిసింది... ఇంకా బిగిసింది... తలుపు రేకులతో సహా ఊడొచ్చింది. అంబాదాస్, మగ్గం మీంచి కోసిన సగం చద్దరు నెత్తిన పెట్టుకుని, నీళ్ళను తోసుకుంటూ బయటికొచ్చాడు. ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని ఇల్లు చేరారు. కొడుకుకు తెలుస్తుందని భయపడి రాత్రికి అక్కడే పడుకున్నాడు.

పొద్దున వ్యాపారి వచ్చేసరికి యమునాబాయి జీపుకు పసుపు కుంకుమ పెడుతోంది.

"అమ్మం," అంది.

"నువ్వే పిలిస్తివి గదక్కా?"

"పిలిచిన. చాయ్ తాగి పో."

అతను చాయ్ తాగి, గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. నర్సప్ప అప్పటికే మిస్త్రీకి ఫోన్ చేసి గేర్‌బాక్సు తెప్పించమన్నాడు. ఇన్నేళ్ళలో ఆ బండి విషయంలో మొగుడూ పెళ్ళాలది ఒకే మాట కావడం అదే మొదలు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

అంబాదాస్ చాయ్ గ్లాసుతో గడపలోకొచ్చి, జీపు వెనక భాగం వైపు చూశాడు.

"ఆయన ఇంక దిగలేదా?"

"ఎవరు కాకా?"

"పక్క మగ్గమాయన. రోజూ నాకంటె ముందే వచ్చి నేస్తుంటడు. రాత్రి నాతోనే వచ్చిండు గద, నా పక్కనే కూసున్నడు."

నర్సప్ప యమునాబాయి వైపు చూశాడు. కుంకుమ వేలు జీపు మీదే ఆగిపోయింది ఆమెది. రాత్రి వెనక కూర్చున్నది ఒక్క మనిషే.

అంబాదాస్ తాపీగా చాయ్ ఊదుకున్నాడు.

"నేను దిగుతూ రమ్మని పిలిచిన. బండి మంచిగున్నది... ఇందులనే ఉంట అన్నడు."