ఆగని చక్రం కింద రాగిరేకు

మనిషి తాను చేసిన వస్తువుకు తానే దణ్ణం పెట్టడం ఎప్పుడు మొదలుపెడతాడు? ఈ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. వేసుకున్నప్పుడల్లా మందరపాడు రాజ్యం గుర్తుకు వస్తుంది. దానితోపాటు ఆ రాజ్యపు కంపూ గుర్తుకు వస్తుంది. పిల్లలూ, ముక్కు మూసుకుని వినండి.

మందరపాటికి ధర్మకేతుడు రాజు. వానలు లేని ఒక ఏడు కరాళుడనే మాంత్రికుడు వచ్చి, ఏటి ఒడ్డున నీళ్లు తోడే పెద్ద చక్రాన్ని చేయించమన్నాడు. మల్లోజు అనే వడ్రంగి దాన్ని చేశాడు. కరాళుడు ఇరుసు కింద గీతలు గీసిన రాగిరేకు ఒకటి ఉంచి, ఎద్దులు లేకుండానే చక్రం తిరిగేటట్లు చేశాడు. ఇది మహాయంత్రమనీ, దీన్ని ఆపడం అపచారమనీ చెప్పి వెళ్లిపోయాడు. జనం చక్రానికి పసుపు పూసి బొట్లు పెట్టారు. ప్రతి శుక్రవారం ఇరుసు మీద పాలు, నెయ్యి, బెల్లపు పాకం పోశారు.

పొలాలు తడిశాయి. తరువాత మునిగాయి. ఏటిలో నీరు అడుగంటాక చక్రం బురదనూ కుళ్లిన చేపలనూ తోడి వీధుల్లో పోసింది. ఇరుసు చుట్టూ విరిగిన పాలు, ముక్కిన నెయ్యి చీములా పేరుకుని, అందులో పురుగులు లుకలుకలాడాయి. దేవతకు కోపం వచ్చిందనుకుని జనం ఇంకా ఎక్కువ పాలు పోశారు. ఆ వాసనలోనే కళ్లు మూసుకుని చేతులు జోడించారు.

చివరకు మల్లోజు చక్రాన్ని ఆపాలని, అపచారమని భయపడుతూనే, సుత్తితో ఇరుసు శీల ఊడగొట్టబోయాడు. ఇరుసు చుట్టూ పేరుకున్న జిగట అతని చేతులను పట్టేసింది. పాలు పోసిన ప్రతిసారీ అది అతని ఒంటి మీద ఇంకొంత పైకి పాకింది. ముక్కు దాకా వస్తే ప్రాణం పోతుంది.

అతని కూతురు పేరిందేవి ఆ పాలకడవలకు అడ్డుపడితే జనం ఆమెను తోసేశారు.

“పేరీ, వీళ్లు వినరు. కొండ మీది సిద్ధుణ్ణి ఉపాయం అడిగి రా, తల్లీ” అన్నాడు మల్లోజు. జిగట అప్పటికే భుజాలు దాటింది.

పేరిందేవి అడవిలో పడి నడిచింది. జలగల మడుగు ఈది కొండదారికి చేరేసరికి వికటుడనే రాక్షసుడు అడ్డంగా కూర్చుని ఉన్నాడు.

“ఏమే పిల్లా, ఒంటినిండా జలగలు. ఇట్లా వస్తే ఎవడికైనా తినబుద్ధవుతుందా?” అన్నాడు.

“నీ నోటి కంపుకు ఆ జలగలే రాలిపోతున్నాయి, మామా. పన్ను పుచ్చిందా?”

వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. పన్ను పీకితే దారి వదులుతానని ఇనుప పట్టుకారు ఇచ్చాడు. చీములో అది జారిపోయింది. పేరిందేవి ఊపిరి బిగబట్టి, మోచేతి దాకా ఆ నోట్లో పెట్టి, వేళ్లతోనే పన్ను లాగేసింది.

“కొరుకుతానేమోనని భయం లేదూ?”

“భయం కాదు, అసహ్యం. దారి వదులు.”

కొండ మీది సిద్ధుడు ఆమె కథంతా విన్నాడు. మహాయంత్రానికి ఎదురు మంత్రం చెప్పమని ఆమె వేడుకుంది. మంత్రం లేదన్నాడాయన.

“యంత్రమనే మాట ‘యమ్’ అనే సంస్కృత ధాతువు నుంచి పుట్టిందమ్మా. అంటే అదుపులో పట్టి ఉంచడం. వైద్యుడి పట్టుకారు యంత్రమే, కోట మీంచి రాళ్లు విసిరేదీ యంత్రమే, దేవతను నిలిపే రేకూ యంత్రమే. వైద్యులైతే యంత్రాలన్నిటిలో మనిషి చేతినే మొదటిదిగా లెక్కపెట్టారు. మీ ఊళ్లో అదుపులో ఉన్నది ఎవరు?”

“మేమే.”

“దాన్ని మేపుతున్నదెవరు?”

“అదీ మేమే” అంది పేరిందేవి. ఆ రేకు నైవేద్యంతోనే బతుకుతోందనీ, కర్రనూ ఇనుమునూ మింగేస్తుందనీ, భయపడని వట్టి చేతిని మాత్రం పట్టుకోలేదనీ సిద్ధుడు చెప్పాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి జిగట మల్లోజు గడ్డాన్ని తాకింది. జనం కడవలతో బారులు తీరి ఉన్నారు. రాజు కూడా వెండి గిన్నెతో నిలబడ్డాడు. పేరిందేవి వాళ్లను తోసుకుంటూ వెళ్లి, పురుగుల మధ్య చెయ్యి దూర్చింది. ఆమెకు డోకు వచ్చింది. అయినా చెయ్యి వెనక్కు తియ్యలేదు. వేళ్లకు రేకు అంచు తగలగానే పట్టి లాగింది. చక్రం కిర్రుమని నిలిచిపోయింది. మల్లోజు బురదలో కూలబడి గట్టిగా ఊపిరి పీల్చాడు.

ఊరు ఆనందంతో ఏడ్చింది. రాజు ఆమెను మహామంత్రిని చేస్తానన్నాడు. ఇక చక్రాన్ని ఎద్దులతోనే తిప్పిద్దామన్నాడు. అంతలో ఆయన చూపు రేకు మీద పడింది. ఇంత శక్తి గలదాన్ని పారేయడం మంచిది కాదనీ, గుడి కట్టించి అందులో ఉంచుదామనీ అన్నాడు. అప్పుడే ఒక ముసలాయన దాని మీద పసుపు చల్లాడు.

పేరిందేవి ఆ పసుపు వంక చూసింది. రాక్షసుడి నోరు కూడా ఆమెకు ఇంత రోత కలిగించలేదు.

“మహామంత్రిగా ఇది నా మొదటి ఆజ్ఞ, మహారాజా. దీన్ని కరిగించాలి” అంది.

“మంచి ముహూర్తం చూసి...”

ఆయన మాట పూర్తయ్యేలోగా ఆమె కమ్మరి ఇంట్లోకి నడిచి, రేకును కొలిమిలో పడేసి, తిత్తి ఊదడం మొదలుపెట్టింది.