ముప్పై ఎనిమిది మార్కుల పడవ

మధ్యాహ్నం పన్నెండున్నర. విశాఖపట్నంలో ఊరు ఊరంతా కళ్ళు మూసుకుని యుద్ధం చేస్తోంది. బస్‌స్టాపు బల్లల మీద, బ్యాంకు వరండాల్లో, టీకొట్టు అరుగు మీద, నుదుటికి వేలెడు వెడల్పు పట్టం కట్టుకుని జనం వరసగా పడుకుని ఉన్నారు. ఒకడి చెయ్యి గాలిలో కత్తి తిప్పుతోంది. పక్కవాడు శరణు శరణంటూ గొణుగుతున్నాడు. వాళ్ళ కాళ్ళు దాటుకుంటూ నడుస్తున్న అప్పలసూరికి ఒళ్ళు మండింది. పొద్దున్న గుమాస్తా, మధ్యాహ్నం సేనాపతి, సాయంత్రం మళ్ళీ గుమాస్తా. ఆఖరికి టీకొట్టు వాడు కూడా ఆ ఆటలో నీ హోదా ఏమిటో కనుక్కుంటే గాని ఇక్కడ గ్లాసు కడగడు.

అప్పలసూరి లోకపరీక్షకుడు. నుదుటిపట్టం కట్టుకుంటే తెరుచుకునే ఈ ఆటల లోకాలని పాత్రలోకాలంటారు. వేలమంది ఒకేసారి దూరి, తలా ఒక పాత్ర వేసుకుని, కలిసి బతికే లోకాలు. వాటిని నడిపే యంత్రాలకి కరెంటు చాలడం లేదని ప్రభుత్వం ఒక చట్టం చేసింది. మూడేళ్ళకోసారి పరీక్ష. నలభై మార్కులు రాని లోకాన్ని ఆర్పేస్తారు. ఆ మార్కులు వేసే కలం అప్పలసూరి చేతిలో ఉంది, దానితోపాటు కళ్ళు నెత్తిమీదికి వచ్చాయి. పరీక్షకుడు సొంత ముఖంతో వెళ్ళకూడదు, లోపల ఎవరికీ జవాబు చెప్పకూడదు. ఈ నియమం అతనికి ప్రాణం. ఆ వెర్రిమొహాలతో మాట్లాడే బాధ తప్పింది కదా అనుకునేవాడు.

అయితే అతని పరీక్ష తీరు మాత్రం ఆఫీసు నేర్పింది కాదు. రాజాం సంతలో కుండలమ్మే ఇంట పుట్టాడు. ఎనిమిదేళ్ళు పెద్దదైన అక్క పైడమ్మ పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. కుండని నడిమి వేలు మడిచి మూడుసార్లు కొట్టాలి, చెవి దగ్గర పెట్టి వినాలి. ఖంగుమంటే మంచిది, కుడివైపు. బొంగురుగా పలికితే పగులున్నది, ఎడమవైపు. రంగు చూసి మోసపోకురా, వాయించి చూడు, అనేది. ఇప్పటికీ ఏ లోకంలో దిగినా ముందు గోడనో చెట్టునో మూడుసార్లు కొట్టి చెవి ఒగ్గుతాడు. నాసిరకం లోకాల్లో రాయీ చెక్కా ఒకేలా పలుకుతాయి.

ఆ వారం మూడు లోకాలు పరీక్షకొచ్చాయి. మొదటిది విజయధ్వజం. కోట గోడ కొడితే కోటగోడలాగే పలికింది. అన్నిటికన్నా అతనికి నచ్చింది దాని మాటమెరుగు. లోపల మనిషి ఏం వాగినా లోకం దాన్ని సరిదిద్ది పలికిస్తుంది. "ఏంటి గురూ, ఇంత లేటా" అని ఎవడో అంటే, "మిత్రమా, నీ రాక కోసం ఈ కోట వేయి కళ్ళతో వేచి ఉన్నది" అని వినిపించింది. మనుషుల్ని ఇలా కడిగి చూపించాలి గాని, ఉన్నవాళ్ళని ఉన్నట్టు ఎవడు భరిస్తాడు? తొంభై నాలుగు వేశాడు. రెండోది నవరత్నద్వీపం. సముద్రం బాగానే ఉంది గాని చేపలకి కనురెప్పలు పెట్టారు, ఏడిసినట్టుంది. ఎనభై ఒకటి.

మూడోది ఏటవతలి రాజ్యం. బొబ్బిలిలో ఎవరో నలుగురు పాత యంత్రాల మీద నడుపుతున్నారట. పేరుకి రాజ్యం. దిగేసరికి ఒక ఏరు, ఒక పడవ. రాజ్యం అవతలి ఒడ్డున ఉంది. యంత్రం అరిగిపోయినది కావడంతో ఆ ఒడ్డు తయారవడానికి నలభై నిమిషాలు పడుతుంది. అందాకా జనం పడవలో కూర్చోవాలి. అసలు విడ్డూరం ఏమిటంటే, వాళ్ళు హాయిగా కూర్చున్నారు. కిరీటం పెట్టుకున్నవాడు పక్కావిడకి చిక్కుడుకాయ కూర ఎలా వండాలో చెబుతున్నాడు. ఇద్దరు మంత్రగాళ్ళు మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఒడ్డుకి చేరాక దిగకుండా అదే పడవలో వెనక్కి వచ్చేవాళ్ళే ఎక్కువని తర్వాత తెలిసింది. మాటమెరుగు లేదు. నత్తిగా మాట్లాడేవాడు నత్తిగానే వినిపిస్తున్నాడు. అప్పలసూరి మూతి విరిచాడు.

తెడ్డు వేస్తున్నది బలమైన చేతులున్న ఒక పడుచు. ఎక్కిన ప్రతివాడినీ ఒకటే అడుగుతోంది.

"ఎప్పుడొచ్చావురా?"

ముసలాయన్నీ రా, కిరీటంవాడినీ రా, ఆడవాళ్ళనీ రా. ఇంకో మాట లేదు. యంత్రపాత్ర అన్నమాట, అనుకున్నాడు అప్పలసూరి. మనుషులు వేయని పాత్రల్ని లోకమే ఆడిస్తుంది. మంచి లోకాల్లో యంత్రపాత్ర నూరు రకాలుగా పలకరిస్తుంది. వీళ్ళు దీనికి ఒక్క ముక్క నేర్పి చేతులు దులుపుకున్నారు.

అతన్ని కూడా అడిగింది. అతను జవాబివ్వలేదు. చిక్కుడుకాయ వింటున్న ఆవిడ ఇటు తిరిగి, "అందర్నీ అలాగే అడుగుతుంది బాబూ. ఏదో ఒకటి చెప్పు, సంతోషిస్తుంది," అంది. యంత్రానికి సంతోషమట! అప్పలసూరి మొహం తిప్పుకుని, అలవాటు ప్రకారం పడవ అంచు మీద వేలు మడిచి మూడుసార్లు కొట్టి చెవి ఒగ్గాడు.

తెడ్డు ఆగింది. ఆమె అతని వైపే చూసింది. తెడ్డు వదిలేసి, పడుతూ లేస్తూ దగ్గరికొచ్చి, పక్కనే వంగి, పడవ అంచు మీద వేలు మడిచి మూడుసార్లు కొట్టింది.

"ఎప్పుడొచ్చావురా?" అంది మళ్ళీ. ఈసారి గొంతు వేరుగా ఉంది. "ఎప్పుడొచ్చావురా? ఎప్పుడొచ్చావురా?"

పడవ నీటివాలుకి కొట్టుకుపోతోంది. ఎవరూ కోప్పడలేదు. అప్పలసూరి పట్టం విప్పేసి ఆఫీసు కుర్చీలో లేచి కూర్చుని నివేదిక రాశాడు. సంభాషణ అతి నాసిరకం. మర్యాద తెలియని యంత్రపాత్ర. పైగా ఆటగాడి చేష్టల్ని కోతిలా అనుకరిస్తోంది, ఇది మరమ్మత్తుకి లొంగని లోపం. ముప్పై ఎనిమిది.

నాలుగో రోజున ఏటవతలి రాజ్యాన్ని ఆర్పేశారు.

పది రోజుల తర్వాత రాజాం నుంచి మేనకోడలు హైమ ఫోన్ చేసింది. పైడమ్మకి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళయింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. అప్పట్లో హైమ కబురు చెబితే, మాటే లేని మనిషి దగ్గర కూర్చుని నేనేం చెయ్యనే అన్నాడు. మళ్ళీ వెళ్ళలేదు.

"మావయ్యా, అమ్మ అన్నం ముట్టడం లేదు," అంది హైమ. అమ్మ ఆడే లోకాన్ని ఎవరో ఆర్పించేశారని, అక్కడైతే రెండు చేతులా పడవ నడిపేదని చెప్పింది. పోనీ అని విజయధ్వజంలోకి పంపితే, అమ్మ నోట మిగిలిన ఒక్క ముక్కనీ ఆ లోకం పది వాక్యాల రాజభాష చేసి పలికిందట. అది విని అమ్మ పట్టం పీకి విసిరికొట్టిందట. ఆ ముక్క కూడా అప్పట్నుంచీ పలకడం లేదట.

"ఏ ముక్క?" అన్నాడు అప్పలసూరి. అడగకుండానే తెలిసిపోయింది.

"నీకు తెలీదు కదూ, నువ్వెప్పుడు విన్నావ్. మావయ్య అన్ని లోకాలూ చూస్తాడమ్మా, ఎప్పటికైనా ఇక్కడికీ వస్తాడని నేనే అన్నాను. అందుకే అమ్మ రేవు వదల్లేదు. వచ్చినవాడు పడవెక్కాలి కదా. ఆర్పేసే ముందు ఒకరోజు పట్టం విప్పి, నవ్వుతూ మంచంకోడు మీద మూడుసార్లు కొట్టింది. ఎన్నిసార్లు కొట్టిందో. నువ్వు గాని వెళ్ళావా మావయ్యా?"

లేదన్నాడు. నియమం ప్రకారం అదే సరైన జవాబు. ఆ నియమం మొహాన దుమ్ము పొయ్య.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాడు. దారి పొడుగునా జనం పట్టాలు కట్టుకుని తలలు వేలాడేసి ఉన్నారు, వాళ్ళని తిట్టుకోవడానికి కూడా అతనికి నోరు రాలేదు. అక్క ఒక్కసారి అడిగితే చాలు, ఇప్పుడే వచ్చానక్కా అనాలి, కాళ్ళ మీద పడాలి. రాజాం వచ్చేదాకా అదే జవాబు నోట్లో తిప్పుకున్నాడు.

పైడమ్మ కిటికీ పక్కన మంచం మీద ఉంది. చిక్కిపోయింది. అతను మంచం పక్కన నేల మీద కూర్చుని ఎదురుచూశాడు. ఆమె చూస్తోంది గాని పెదవి కదపలేదు. చివరికి వేలు మడిచి మంచంకోడు మీద మూడుసార్లు కొట్టాడు.

ఆమె ఎడమచెయ్యి మెల్లిగా లేచింది. అతని నుదుటి మీద, రోజూ పట్టం కట్టుకునే చోట, నడిమి వేలు మడిచి మూడుసార్లు కొట్టింది. తల వంచి చెవి దగ్గరికి తెచ్చి విన్నది. సంతలో కూర్చున్నప్పటిలాగే కనుబొమలు ముడిచి, శ్రద్ధగా విన్నది.

తర్వాత అరచెయ్యి అతని చెంపకి ఆనించి, తలని ఎడమవైపుకి జరిపింది.